మోడు చిగిర్చే తీరు: పాలమూరు సీమలో పునర్జీవనము

మన తెలుగు భాషలో ఒక విశేషమున్నది. నరికిన చెట్టు చిగురిస్తుందని అంటాము. పుండు మానుతుందని అంటాము. రోగి కోలుకుంటాడని, చితికిన కుటుంబము నిలదొక్కుకుంటుందని, చెదరిన ఊరు కుదురుకుంటుందని అంటాము. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మాట. వీటన్నిటినీ కలిపి చెప్పవలసి వచ్చినప్పుడు పునర్జీవనమని అంటాము. బైబిలు తెలుగులోనైతే పునర్జననము అనే మాట మనకు పరిచయమే. మత్తయి సువార్త 19వ అధ్యాయములో ఆ మాట లోకమంతటికీ సంబంధించి వస్తుంది. తీతు పత్రిక 3వ అధ్యాయములో ఒక మనిషి జీవితానికి సంబంధించి వస్తుంది. రెండు చోట్లా గ్రీకు మూలములో ఉన్నది ఒకటే పదము, పాలింగెనేసియా. క్రొత్త నిబంధన మొత్తములో ఆ పదము కనబడేది ఈ రెండు చోట్లనే. అంటే లోకము క్రొత్తదగుట, మనిషి క్రొత్తవాడగుట అనే రెండు సంగతులకు పూర్వులు ఒకే పేరు పెట్టారన్న మాట.

శతాబ్ది సంచికలో వ్యాసము వ్రాయమన్నప్పుడు కట్టడముల చరిత్ర, వాటిని కట్టినవారి చరిత్ర వ్రాయుట సహజము. అవి ఇతర సభ్యులు వ్రాస్తారు. పాన్‌గల్ చుట్టుపట్ల సీమలో, దానికి సంబంధించిన తెలుగు ప్రాంతములలో, ప్రకృతిలోనూ మనిషి ఒంటిలోనూ ఊళ్లలోనూ పోయినది తిరిగి ఎట్లా చిగిర్చింది, ఎక్కడ చిగిర్చలేదు అన్న చరిత్రను మాత్రమే ఇక్కడ క్లుప్తముగా మనవి చేస్తాను.

కొండ మీది గోడలు, కొండ మీది చెట్లు

వనపర్తి జిల్లాలోని పాన్‌గల్ పేరు చరిత్ర పుస్తకములకు ఎక్కినది దాని కొండకోట వలన. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా 1417 ప్రాంతములో ఈ కోటను ముట్టడించాడు. ముట్టడి రెండు సంవత్సరాల దాకా సాగింది. దండులో తెగులు పుట్టి మనుషులు, గుర్రాలు పెద్ద సంఖ్యలో చనిపోయాయని ఫెరిస్తా తన చరిత్రలో వ్రాశాడు. ఆ అదను చూసి విజయనగర సైన్యము పైబడగా సుల్తాను ఓడి వెనుదిరిగాడు. ఫిరోజ్ షా ఆ తరువాత ఎక్కువ కాలము రాజ్యము చేయలేదు. 1422లో గద్దె దిగాడు. పాన్‌గల్ మాత్రము చేతులు మారుతూ తరువాతి రాజ్యములలోనూ కోటగానే నిలిచింది.

కోట గోడ పడిపోతే దానంతట అది లేవదు. రాళ్లు మోసే కూలీ కావాలి, పేర్చే ఉప్పరి కావాలి, చేయించే దొర కావాలి. పాలమూరు గుట్టల మీది చెట్ల సంగతి అట్లా కాదు. మోదుగను నరికితే మొదలు నుండి నాలుగు కొమ్మలు లేస్తాయి. టేకు, తంగేడు కూడ అంతే. బెరడు క్రింద నిద్రపోతున్న మొగ్గలు, వేళ్లలో చెట్టు దాచుకొన్న ఆహారము, ఈ రెండింటి బలముతో తొలకరి పడగానే చిగురు వస్తుంది. అటవీశాఖవారు దీనిని కాపిస్ పద్ధతి అంటారు. ఎండకాలము ముగియకముందే మొదలు దగ్గర నున్నగా నరకాలి, వానలు పడిన తరువాత లేచిన పిలకలలో బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగిలినవి తీసివేయాలి, మేకల నోట పడకుండ రెండు మూడేళ్లు కాపాడాలి అని వారి నియమము. యోబు గ్రంథము 14వ అధ్యాయము చదివినవారికి నరకబడిన చెట్టుకున్న ఆశను గూర్చి, మనిషికి అది లేదన్న బాధను గూర్చి గుర్తుండే ఉంటుంది. ఆ మాట వ్రాసినవానికి చెట్ల సంగతి బాగుగా తెలుసు.

మన గుట్టల మీది సీతాఫలము కథ ఇంకొక తీరుది. ఇది ఈ దేశపు చెట్టు కాదు; అమెరికా ఖండములలో పుట్టి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఈ నేల దానికి ఎంతగా పట్టినదంటే, పాలమూరు జిల్లాలోని బాలానగర్ పేరుతో ఒక సీతాఫలపు రకమే దేశమంతట ప్రసిద్ధి పొందినది. దాని ఆకు మేక ముట్టదు. తక్కిన చెట్లు మేతకు, వంటచెరకుకు పోయిన గుట్టల మీద కూడ అది నిలిచినదంటే ఆ గుణము ఒక ముఖ్య కారణము. బయటి నుండి వచ్చినది ఇక్కడిదై, ఈ సీమ బీదవారికి కార్తె మారే వేళ నాలుగు రూకలు ఇచ్చే పంట అయినది. పునర్జీవనమంటే పాతది పాతదిగానే తిరిగి రావడము కాదని ఈ చెట్టు చెబుతున్నది.

అయితే మోడు చిగిర్చుటకు షరతులున్నాయి. వేరు బ్రతికి ఉండాలి. వాన పడాలి. నరికే చేయి ఆగాలి. ఏటేటా అదే మోడును నరికితే వేరులో దాచుకొన్నది అయిపోయి ఒక ఏడు చిగురు రానే రాదు. చాలా కాలము ఈ మూడవ షరతు బీదవాని మీద కేసు పెట్టుటతో తీరుతుందని ప్రభుత్వము అనుకున్నది. 1988 జాతీయ అటవీ విధానము వచ్చిన తరువాత ఆలోచన మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి వన సంరక్షణ సమితులు ఏర్పడి, అడవిని కాపాడే ఊరివారికే దాని ఫలితములో భాగము అన్న పద్ధతి మొదలైనది. అన్ని చోట్లా అది నెగ్గలేదు. నెగ్గిన చోట్ల పెద్దగా నాటిన మొక్కలేమీ లేకుండగనే, ఉన్న మోళ్లను వదిలిపెట్టుట వలన గుట్టలు పచ్చబడినవి.

ఒంటిలో మానేది, మాననిది

మనిషి ఒంటిలో కూడ ఇట్లాంటి శక్తి ఉన్నది. పై చర్మము నెల రోజుల వ్యవధిలో క్రొత్తదవుతుంది. విరిగిన ఎముక అతుకుతుంది. కాలేయములో పెద్ద భాగము తీసివేసినా మిగిలినది పెరిగి దాదాపు పూర్వపు పరిమాణానికి వస్తుంది. తెగిన నరము కూడ, దాని దారి చెడకుండ ఉంటే, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. గుండె కండరము, మెదడు మాత్రము ఒకసారి చెడిన మేర తిరిగి పెరగవు.

మానని దానిని గూర్చి మన తెలుగు ప్రాంతములకు గట్టిగా నేర్పినది కుష్ఠువ్యాధి. ఊళ్లలో దానిని పెద్దరోగమనేవారు. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ దాని క్రిమిని కనుగొన్నాడు. శాపము కాదు, వంశపాపము కాదు, ఒక క్రిమి అని తేలింది. తేలినా ఫలమేమి? మందు లేదు. బ్రిటిషు ఇండియాలో 1898లో వచ్చిన కుష్ఠురోగుల చట్టము వారిని వేరుగా ఉంచే ఏర్పాటు చేసింది గాని వారిని ఊరికి తిరిగి చేర్చే మార్గము చూపలేదు.

ఇక్కడ పాలమూరు నుండి కొంత ఉత్తరముగా నిజామాబాదు వైపు చూడాలి. నిజాం రాజ్యములో కుష్ఠువైద్యానికి పేరుపడిన స్థలము అక్కడి డిచ్‌పల్లి. స్కాట్లండు నుండి 1907లో భర్తతో కూడ వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసాని, ఆస్పత్రికి వచ్చే కుష్ఠురోగులకు తాను ఇవ్వగలిగినది ఏమీ లేదని చూసి, వారి కొరకు ప్రత్యేకముగా ఒక ఆశ్రమము కావాలని పట్టుబట్టారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఒక లక్ష రూపాయలు ఇచ్చారు. ముస్లిము ప్రభువు రాజ్యములో, హిందూ దాత ధనముతో, క్రైస్తవ మిషను నడిపిన ఆస్పత్రి 1915లో నిలబడింది. అక్కడ చాల్‌మూగ్రా జాతి నూనెను సూది ద్వారా ఇచ్చేవారు. నొప్పి ఎక్కువ, నెలలు సంవత్సరాలు పట్టేది, గుణము కొందరికే. అయినా రోగము నయము కావచ్చునన్న మాట మొదటిసారి ఊళ్లకు చేరినది ఇట్లాంటి చోట్ల నుండియే. 

1940లలో సల్ఫోను మందులు వచ్చాయి. మద్రాసు దగ్గర చెంగల్పట్టులో డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ వాటిని మన దేశములో వాడి చూపారు. తరువాత డాప్సోను మాత్రలు ఊరూరికీ చేరాయి. 1980ల మొదట ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళ ఔషధ చికిత్సను సూచించింది. ఆరు నెలలు గాని పన్నెండు నెలలు గాని మాత్రలు మింగితే వ్యాధి పోతుంది; మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటే భయము తగ్గిపోతుంది. 2005 డిసెంబరు నాటికి దేశములో పదివేల మందికి ఒకరికంటె తక్కువ అన్న లెక్క వచ్చినది. అంతటితో వ్యాధి పోయినదనుకోరాదు. ప్రపంచములో ఏటా బయటపడే క్రొత్త కేసులలో సగానికి పైగా మన దేశములోనే ఉన్నాయి.

మరి మందుతో క్రిమి చచ్చిన తరువాత పోయిన వ్రేళ్లు తిరిగి వస్తాయా? రావు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివర ఈ ప్రశ్నను పట్టుకొన్నవారు డాక్టర్ పాల్ బ్రాండ్. వ్రేళ్లను రోగము తినివేయదని ఆయన గమనించారు. నరము చెడి స్పర్శ పోవుట వలన రోగి పొయ్యి మీది గిన్నెను వట్టి చేతితో దింపుతాడు, ముల్లు గ్రుచ్చుకొన్నా నడుస్తాడు, నిద్రలో ఎలుక కొరికినా తెలియదు. నొప్పి లేకపోవుటే అసలు గాయము. అందుకని ఆయన రోగులకు రాత్రివేళ పిల్లిని దగ్గర పెట్టుకొనమని చెప్పేవారు! వంకర పోయిన చేతులకు మంచి కండర స్నాయువును దారి మళ్లించి కట్టే శస్త్రచికిత్స చేశారు. వ్రేళ్లు చక్కబడినవి, పట్టు వచ్చినది. స్పర్శ మాత్రము రాలేదు.

అప్పుడు ఎదురైన చిక్కు వైద్య పుస్తకములలో లేనిది. చేయి బాగుపడిన రోగికి భిక్షము తగ్గింది. పనియా, ఎవరూ ఇవ్వరు. వైద్యుడు బాగుచేసిన చేయి అతనిని ఆకలికి అప్పగించింది. అందువలన 1951లో వెల్లూరు కళాశాల ఆవరణలో నవజీవ నిలయము అనే చిన్న పల్లె వంటి కేంద్రము ఏర్పడింది. అక్కడ వడ్రంగము, కొయ్యబొమ్మల తయారీ వంటి పనులు నేర్పి, స్పర్శలేని చేతులతో గాయపడకుండ పనిచేయు విధము నేర్పి పంపేవారు. ఒంటిలో తిరిగి మొలవని దానికి బదులుగా బ్రతుకులో ఒక చోటు మొలిచింది. దానిని మొలిపించినవారు చుట్టూ ఉన్న మనుషులు.

ఇక చట్టము సంగతి. పూర్తిగా నయము చేయు మందు 1980లలోనే చేతికి వచ్చినది. 1898 నాటి చట్టము కేంద్ర పుస్తకములలో నుండి తొలగినది 2016లో. భార్యకు గాని భర్తకు గాని కుష్ఠు ఉన్నదన్న కారణముతో విడాకులు కోరే వీలును పార్లమెంటు తీసివేసినది 2019లో. క్రిమి చచ్చుటకు పన్నెండు నెలలు చాలినవి. చట్టము మారుటకు ముప్పై యేండ్లు దాటినవి. మనసులు మారుటకు ఎంత పడుతుందో ఏ సంస్థా లెక్క కట్టలేదు.

రాయిని తరలించవచ్చు, ఊరిని?

పాలమూరు సీమలో సగటు వాన 600 మిల్లీమీటర్ల ప్రాంతమే. కృష్ణానది ఒరుసుకొని పోతున్నా, నేల ఎత్తున ఉండుట వలన నీరు పొలమెక్కలేదు. చెరువు నిండిన ఏడు బువ్వ, ఎండిన ఏడు వలస. గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా బయానా తీసుకొని, ఆ అప్పు తీరేదాక దేశములో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి పోయేవారు. పాలమూరు లేబరు అన్న పేరు అట్లా పడినది. ఎన్నెన్నో జిల్లాల పొలములకు నీరు పారించిన కాలువలు ఈ చేతులు త్రవ్వినవే. తమ పొలము మాత్రము బీడు. వెట్టిచాకిరీ రద్దు చట్టము 1976లో, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము 1979లో వచ్చినవి. చదువు రానివానికి మేస్త్రీ పుస్తకములో తన పేరున ఏమి వ్రాసియున్నదో తెలియనప్పుడు చట్టమున్నా లేనట్లే.

ఈ చోటనే బడి విలువ తెలుస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ ఎల్బర్ట్ చ్యూట్ 1885లో పాలమూరులో పని ప్రారంభించారు. 1937లో ఆ క్షేత్రము మెన్నోనైట్ బ్రదరెన్ వారి చేతికి వచ్చినది. వారే 1952లో జడ్చర్లలో ఆస్పత్రి నెలకొల్పారు. ఈ సంస్థలకు లోపములు లేవని కాదు. గాని మాలమాదిగ వాడలలో ఒక పిల్ల అక్షరములు కూడబలుక్కొని తండ్రి ప్రోనోటు తానే చదివిన రోజు, ఆ ఇంటిలో మోడు చిగిర్చిన రోజు. వేరు అక్కడ ముందే ఉన్నది. బడి దానికి వాన అయినది.

వేరునే పెకలించిన ఉదాహరణ కూడ మన ప్రక్కనే ఉన్నది. శ్రీశైలం జలాశయము నిండినప్పుడు, 1980ల ప్రారంభములో, కృష్ణకు రెండు ఒడ్డులా కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామములు ముంపుకు గురయినవి. అదే ముంపులో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును పురావస్తు శాఖవారు రాయి రాయిగా విప్పి, ఆలంపురము చేర్చి తిరిగి నిలబెట్టారు. ఈనాటికీ చూడవచ్చును, మెచ్చుకొనదగిన పని. ఊళ్లకు అట్టి పని ఎవరూ చేయలేదు. చేయుటకు వీలుగూడ లేదు. ఎవరి గోడ ప్రక్కన ఎవరి గోడ, ఏ మాగాణి కోతకు ఎవరు వస్తారు, చావు వస్తే ఎవరు పాడె మోస్తారు, పెద్దలను పాతిన మన్ను ఎక్కడ — వీటికి సంఖ్యలు వేసి లారీలో ఎక్కించలేము. భూమి ఉన్నవానికి పరిహారము ఎంతో కొంత వచ్చినది. ఆ భూమి మీద కూలి చేసి బ్రతికినవానికి పోయినది ఏ రిజిస్టరులోనూ లేదు. నిర్వాసితుల కుటుంబములకు ఉద్యోగములిస్తామని 1986లో 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినది. దాని కొరకు యువకులుగా దరఖాస్తు పెట్టినవారు నడివయసు దాటియు తిరిగిన సంగతి కొల్లాపురము వైపు అందరికీ తెలిసినదే.

తూము బాగైనది, నీరటి ఎక్కడ?

తెలంగాణ ఏర్పడిన తరువాత 2015 మార్చిలో మిషన్ కాకతీయ ప్రారంభమైనది. రాష్ట్రములో 46,531 చెరువులను లెక్కించి ఏటా కొన్ని చొప్పున పూడిక తీయుటకు పూనుకొన్నారు. పూడికమన్ను వృథా కాలేదు. రైతులు ట్రాక్టర్లతో తోలుకొని పొలములలో చల్లుకొన్నారు. చెరువు అడుగున ఏళ్ల తరబడి పేరుకొన్న సారము చేనికి తిరిగి చేరినది. కల్వకుర్తి ఎత్తిపోతల ద్వారా ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అనే మూడు మెట్లలో శ్రీశైలం వెనుకజలములు పైకెక్కి నాగర్‌కర్నూలు, వనపర్తి వైపు పొలములకు పారినవి. ఒకనాడు ఊళ్లను ముంచిన నీరే కొన్ని ఊళ్లకు పంటయై తిరిగి వచ్చినదన్న మాట. మునిగినవారూ, పండించుకొన్నవారూ ఒకరు కారు, అది మరచిపోరాదు.

తూము, అలుగు, కట్ట కంట్రాక్టరు బాగుచేయగలడు. గాని వెనుకటి చెరువుకు నీరటి ఉండేవాడు. ఎవరి మడికి ఎన్ని గడియల నీరో, కరువు ఏడు ఎవరికి ముందో అతనికి తెలుసు; పెద్దరైతు కోపపడినా చివరి మడికి నీరు పంపుట అతని ధర్మము. బోర్లు వచ్చిన తరువాత అతని పని పోయినది. చెరువు నిండిన ఊళ్లలో చివరి మడికి నీరు చేర్చేది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉన్నది. కట్టడము కట్టినంత వేగముగా కట్టుబాటు మొలవదు.

ఇంకొక మార్పు గమనించదగినది. ఇప్పుడు తెలంగాణ పల్లెలలో వరినాట్లకు బీహారు, ఉత్తరప్రదేశము, బెంగాలు నుండి కూలీలు గుంపులుగా వస్తున్నారు. వారికీ ముందుగా బయానా ఇచ్చే మేస్త్రీ ఉన్నాడు. వారికీ మన అక్షరములు తెలియవు. వారూ పశువుల కొట్టములోనో కల్లము ప్రక్కనో పడుకొంటున్నారు. పాలమూరు లేబరు బిడ్డలు యజమానులైనప్పుడు పరదేశి కూలిని ఎట్లు చూస్తారన్నది మన పునర్జీవనానికి పరీక్ష. తాను బాగుపడి, తన పాత గాయమును మరొకని ఒంటికి మార్చినవాడు కోలుకొన్నాడని చెప్పవచ్చునా?

ముగింపు

ఈ చరిత్ర అంతటినీ కలిపి చూస్తే తేలేది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. తిరిగి చిగిర్చాలంటే వేరు మిగలాలి, నరికే చేయి ఆగాలి, వాన వంటి సాయము అందాలి, మేకల నుండి కాపాడినట్లు కొన్నేళ్లు కాపాడాలి. చెట్టుకూ ఒంటికీ ఊరికీ ఇదే వరుస. అన్నీ చేసినా కొన్ని మొలవవు. స్పర్శ పోయిన చేయి, మునిగిన ఊరు, ఇసుకలో కలిసిన సమాధులు తిరిగి రావు. అట్లా రానిదాని స్థానములో చోటు ఇచ్చుట మనుషులు చేయవలసిన పని. ఇది ప్రకృతి చేసిపెట్టదు, ప్రభుత్వము ఒక్కటే చేయలేదు.

కనుక ప్రియ సభ్యులారా, రానున్న కాలములో మన సంఘములు లెక్క చూసుకొనునప్పుడు గోపురముల ఎత్తు, చందాల మొత్తము మాత్రమే చూడకుండ, మరి మూడు లెక్కలు కూడ వ్రాసుకొనుట మంచిది. కుష్ఠు నయమై వచ్చినవారు ఎందరు మన బల్లల మీద మన ప్రక్కనే కూర్చుంటున్నారు, వారి ఇంటి పిల్లలకు మన ఇండ్లలో సంబంధములు కుదురుతున్నవా? ముంపు ఊళ్ల నుండి చెదరి వచ్చినవారి పేర్లు, వారి పాత ఊరి పేర్లు మన రిజిస్టరులలో ఉన్నవా? నాట్లకు వచ్చిన పరదేశి కూలికి జ్వరము వస్తే ఆస్పత్రికి తీసుకొనిపోయేవారు మన ఊరిలో ఎవరు? ఈ మూడింటికి జవాబు వ్రాయుటకు పెద్ద పండితులు అవసరము లేదు. ప్రతి పాస్టరేటులో ఒక నోటు పుస్తకము, ఓపికగల ఒక మనిషి చాలును. పెద్దవారు జీవించి ఉండగనే ఆ పని మొదలుపెట్టవలసి ఉన్నది.